మాఫీ లేని షెడ్డు

ఆయనకు ఎర్రగుడ్డ పిచ్చి ఉండేది. పని సగంలో ఆగిన ప్రతి చోటా ఒక ఎర్ర పీలిక కట్టేవాడు. బోల్టు బిగించకపోతే ఎర్రగుడ్డ, జిగురు ఆరకపోతే ఎర్రగుడ్డ, వైరు అతకకపోతే ఎర్రగుడ్డ. పని పూర్తయిందని చేత్తో తడిమి చూసుకున్నాకే గుడ్డ విప్పి జేబులో పెట్టుకునేవాడు. నేను మొదటిసారి ఆ షెడ్డులో అడుగుపెట్టినప్పుడు నాకు విమానం కనిపించలేదు. మొక్కుగా దట్టీ గుడ్డలు కట్టిన పీర్ల సవారీ కనిపించింది. ఆ మాట పైకే అన్నాను.

ఆయన నవ్వలేదు. "దట్టీ ఉన్నచోట దేవుడుంటాడో లేడో నాకు తెలీదండి. గుడ్డ ఉన్నచోట మాత్రం చావుంటుంది. ముట్టుకోకండి" అన్నాడు.

మొన్న ఇక్కడ ఖతర్‌లో, అల్ సద్‌లో మోకాలి నొప్పికి చూపించుకోవడానికి దవాఖానాలో కూర్చున్నాను. ఆయన ఊరివాడే ఒకతను ముఐథర్‌లో హౌస్ డ్రైవరుగా ఉన్నాడు, అతను ఫోన్ చేశాడు. మీ బావగారు పోయారండి అన్నాడు. ఏ బావ అని నేను అడగలేదు. నాకు తోడబుట్టిన ఆడవాళ్ళు లేరు. ఈ దేశంలో నన్ను బావ అని పిలిచిన మనిషి ఒక్కడే. నా నంబరు పిలిచారు, నేను లేవలేదు. రెండోసారి పిలిచారు. పక్కాయన మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచాను.

ఆయనది గోదావరి జిల్లా, నాది జగిత్యాల దిక్కు. ఆయన విమానాల మెకానిక్కు, నేను చెక్కపని చేసే వడ్లవాణ్ణి. వయసులో నాకంటే కొంచెం చిన్న. మొదటి రోజే "బావగారూ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీకు నా చెల్లెనిచ్చిన్నా, బావ అంటున్నవ్?" అన్నాను.

"ఇవ్వలేదు కాబట్టేనండి ఇంకా మర్యాదగా పిలుస్తున్నాను" అన్నాడు.

ఆ రోజు నుంచి నేనూ బావా అనడం మొదలుపెట్టాను. దాన్ని స్నేహం అనాలో పోట్లాట అనాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

షెడ్డు ముఐథర్‌లో మా ముదీర్ ఇంటి వెనక ఉండేది. ముదీర్ అంటే మా యజమాని, ఖతరీ. ఒకప్పుడు అసలు ఫైటర్ విమానాలు నడిపినవాడు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. పాత యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళు నడిపిన స్పిట్‌ఫైర్ అనే ఒంటిమనిషి విమానాన్ని ముప్పావు కొలతలో చెక్కతో కట్టుకోవాలని ప్లాన్లు తెప్పించాడు. అసలుది నాలుగు మూరలున్నచోట ఇది మూడు మూరలు. రెక్క ముప్పావు, తోక ముప్పావు, చక్రం ముప్పావు. ఇంజను, రేడియో మాత్రం నిజంవి. ఎగరడం నిజం. పడితే చావడం కూడా నిజమేనని బావ అనేవాడు. నేను దాన్ని బొమ్మ విమానం అన్న రోజు ఆయన మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

ముదీర్ భారీ మనిషి. ఆయన ఆ సీట్లో కూర్చుంటే భుజాలు రెండు పక్కలా ఒరుసుకునేవి. బయటికి రావాలంటే మేం ఇద్దరం చంకల కింద చేతులు వేసి లాగాలి. "అన్నీ ముప్పావుకి కోశాం గానండి, మనిషిని ఎక్కడ కొయ్యాలో ప్లానులో లేదు" అని బావ నా చెవిలో అనేవాడు. ముదీర్ ఏమిటని అడిగితే, "సీటు కంఫర్టబుల్ సార్" అనేవాడు.

బావ నోటి నుంచి బాగుంది అన్న మాట నేను వినలేదు. పని నచ్చితే "ఉండనివ్వండి" అనేవాడు. అంతే. ఆ ఉండనివ్వండి కోసం మేం ఎండలో కుక్కల్లా కాచుకునేవాళ్ళం. ఔననడానికి "ఆయ్" అనేవాడు. ముదీర్‌తో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా ఆయ్ సార్ అంటే, అది ఇంగ్లీషు ఓడల వాళ్ళ మాట అనుకుని ముదీర్ సంతోషపడేవాడు. బోల్టు దూర్చే చోటల్లా తల పైకి, నట్టు కిందికి ఉండాలని ఆయన నియమం. ఎదురుగా దూర్చడం సులువైనా సరే, చెయ్యి మెలితిప్పి పైనుంచే దూర్చమనేవాడు. ఇదేం చాదస్తమని అడిగాను. ఎప్పుడో నట్టు ఊడి పడిపోయినా బోల్టు తన తల మీద వేలాడుతూ ఉంటుంది, కిందినుంచి దూరిస్తే నట్టుతో పాటే జారిపోతుంది అని చెప్పాడు.

అన్నిటికంటే వింత, విమానం లేచేటప్పుడు ఆయన చూసేవాడు కాదు. అందరం అటు చూస్తుంటే ఆయన వీపు తిప్పి నిలబడి వినేవాడు. కళ్ళు మురిసిపోతాయండి, చెవులు మురిసిపోవు అనేవాడు.

ఒకసారి మా ఇద్దరికీ గట్టిగా చెడింది. రెక్క లోపల పక్కటెముకల్లాంటి చెక్కలుంటాయి, రిబ్బులంటారు. అవి నా పని. జిగురు కలిపిన ప్రతిసారీ అదే జిగురుతో రెండు చిన్న చెక్కముక్కలు అంటించి పక్కన పెట్టమనేవాడు. మర్నాడు ఆ ముక్కల్ని బెంచీకి బిగించి సుత్తితో కొట్టేవాడు. కర్ర చిరిగితే మంచిది. కర్ర చిరగకుండా అతుకు ఊడితే ఆ పూట అంటించినవన్నీ పారేయాల్సిందే. ఒకరోజు నా ముక్కలు కొట్టాడు. కర్ర చెక్కుచెదరలేదు, అతుకు పలకలా విడిపోయింది. ఎండకాలం, షెడ్డులో ఏసీ ఆగి ఉంది, జిగురు పట్టకముందే గట్టిపడింది. ఆయన రంపం తీసుకుని, నేను పూటంతా వంగి చేసిన రిబ్బుల్ని నా కళ్ళముందే సగానికి కోశాడు. ఎవడూ పొరపాటున వాడకుండా.

నా జుట్టు ఈ పనిలో నెరిసింది. ఇంకొకడు నా పనిని కోయడం అదే మొదటిసారి. ఉలి నేలకేసి కొట్టి, నేనుండే లేబర్ క్యాంపుకు వెళ్ళిపోయాను.

సాయంత్రం ఆయన బస్సెక్కి క్యాంపుకు వచ్చాడు. చేతిలో ఖుబ్బూస్ రొట్టెలు, ఇంటి ఆవకాయ సీసా. నా మంచం మీద కూర్చున్నాడు. తప్పయిందని అనలేదు, నేనూ అడగలేదు. రొట్టెలో ఆవకాయ పెట్టి నాకిచ్చి, తనూ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అడిగాడు.

"రేపు ఏసీ ఎన్నింటికి వేయించమంటారు బావగారూ?"

"నువ్వు కోసినవి నా రిబ్బులు కాదు బావా, నా మర్యాద" అన్నాను.

"మర్యాద మళ్ళీ చేసుకోవచ్చండి. ఆ సీట్లో కూర్చునేవాడికి మళ్ళీ చేసుకునేది ఏమీ లేదు" అన్నాడు.

పొద్దున ఆరింటికి వేయించమన్నాను.

ఇక అసలు సంగతి. తర్వాత మాకు తెలిసినదాన్ని ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకు తల తిరుగుతుంది.

విమానం అప్పటికి కొన్నిసార్లు ఎగిరింది. చలికాలం వచ్చింది. ముదీర్ తన స్నేహితులను, తనతో పాటు ఎగిరిన పాతవాళ్ళను ఒక శుక్రవారం పొద్దున పిలిచాడు. వాళ్ళ గుడారం మీదుగా విమానాన్ని ఒకసారి బోర్లా తిప్పి చూపిస్తానని మాటిచ్చాడు. బావ ఆ మాట విని ఆయ్ అన్నాడు గాని ఆ ఆయ్‌లో ఉప్పు లేదు.

ఆ వారం మధ్యలో, కర్ర లాగుతుంటే బరువుగా ఉందని ముదీర్ అన్నాడు. పైలట్ చేతిలో కర్ర నుంచి తోకరెక్క దాకా ఒక రాడ్డు వెళుతుంది. ముక్కు పైకి ఎత్తాలన్నా కిందికి దించాలన్నా అదే ఆధారం. తోకలో చెయ్యి దూరేంత కంత ఉంటుంది. బావ దాని మూత విప్పి, రాడ్డు సరిచేసి, నట్టు బిగించాడు. ఇక స్ప్లిట్ పిన్ను వెయ్యాలి. నట్టు తిరిగి విప్పుకోకుండా బోల్టుకు అడ్డంగా దూర్చి రెండు కాళ్ళూ వంచే సన్నటి పిన్ను అది. ఒకసారి తీసింది మళ్ళీ వాడకూడదు, కొత్తదే వెయ్యాలి. అంతలో ముదీర్ పిలిచాడు. బావ అక్కడ ఎర్రగుడ్డ కట్టి, పిన్ను వెయ్యమని మా వెల్డరుకు చెప్పి వెళ్ళాడు. వెల్డరు సుడాన్ మనిషి, నెమ్మదైనవాడు. డబ్బా అంతా వెతికాడు. ఆ కొలత పిన్ను లేదు. పక్కన మూత మీద విమానం పైపొర గుడ్డ అంటించి రంగు వెయ్యడానికి మా పెయింటరు కాచుకుని ఉన్నాడు. సుడానీ అతనితో "పిన్ మాఫీ" అని, కొనుక్కు రావడానికి బయటికి వెళ్ళాడు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ మాఫీ అంటే లేదు అని. నీళ్ళు మాఫీ, డ్యూటీ మాఫీ, డబ్బులు లేకపోతే ఫులూస్ మాఫీ. కానీ పెయింటరు ఆర్మూరు దగ్గరివాడు, నలభై ఏళ్ళ మనిషి, దుబాయ్ దుబాయ్ అని ఇంట్లోవాళ్ళు పంపితే ఖతర్‌కు వచ్చి కొన్ని నెలలే అయింది. అతనికి మాఫీ అంటే ఒక్కటే తెలుసు. శిస్తు మాఫీ, బాకీ మాఫీ. ఉండాల్సింది ఇక అక్కర్లేదని పెద్దవాళ్ళు వదిలేయడం. పిన్ మాఫీ అంటే ఈ ఒక్కచోట పిన్ను అక్కర్లేదన్నారు అనుకున్నాడు. శ్రద్ధగలవాడు. ఎర్రగుడ్డ విప్పి మడిచి బెంచీ మీద పెట్టాడు. మూత బిగించాడు, గుడ్డ అంటించాడు, గీత కనిపించకుండా రంగు వేశాడు. మర్నాడు సుడానీ పిన్ను తెచ్చేసరికి తోక మూసి ఉంది, ఎర్రగుడ్డ లేదు. బావే తన పెట్టెలోది వేశాడనుకున్నాడు. బావ చూశాడు, ఎర్రగుడ్డ లేదు. సుడానీ పిన్ను వేసి విప్పాడనుకున్నాడు. గుడ్డ లేకపోయినా చేత్తో తడిమే మనిషి, ఆ ఒక్కరోజు గుడారాలూ కుర్చీలూ అని ముదీర్ తిప్పుతూ ఉంటే తడమలేదు.

శుక్రవారం పొద్దున ఉత్తరాన ఎడారిలో ఉన్న చిన్న రన్‌వే దగ్గర తివాచీలు పరిచారు. ఖర్జూరాలు, గహ్వా కాఫీ తిప్పుతున్నారు. ముదీర్‌ను మేం సీట్లోకి దించాం. ఇంజను లేచింది. ఇసుక మా పళ్ళలోకి వచ్చింది. విమానం పరిగెత్తి గాలిలోకి లేచింది. అందరూ ఫోన్లు ఎత్తారు. బావ ఎప్పటిలాగే వీపు తిప్పి, చాయ గ్లాసు చేత్తో పట్టుకుని వింటున్నాడు. నేనూ పెయింటరూ ఆయన పక్కనే ఉన్నాం.

నేను ఊరికే ఉండక, మీ ఊళ్ళ బాకీలు మాఫీ అయినయా అని పెయింటరును అడిగాను.

"యాడ మాఫీ కాకా. ఆఫీసుల సుట్టు తిప్పిచ్చుకుంటున్నరు" అన్నాడు. "ఈడనే నయం. సుడానాయన ఒక్క మాటతోని పిన్నే మాఫీ చేసిండు."

నాకు నవ్వు రాబోయింది. బావ ఇటు తిరిగాడు.

"ఏ పిన్ను?"

"తోకలది సార్. మొన్న పిన్ మాఫీ అన్నడు. నేను మూత పెట్టి రంగేసిన."

"గుడ్డ?"

"మాఫీ అయినంక గుడ్డెందుకని ఇప్పిన సార్."

బావ గ్లాసు నా చేతిలో పెట్టాడు. దూరంగా వ్యాను దగ్గర సుడానీ ఉన్నాడు. బావ అరవలేదు. చెయ్యెత్తి, రెండు వేళ్ళు జతగా చాపి, చెరో పక్కకు వంచి చూపించాడు. పిన్ను కాళ్ళు వంచావా అని. సుడానీ తల అడ్డంగా ఊపాడు. వేలు బావ వైపు చూపించాడు. నువ్వు కదా వేసింది అని.

నాకు అప్పుడు అర్థమైంది. పెయింటరుకు ఇంకా కాలేదు. వాడు మా ముఖాలు మార్చి మార్చి చూస్తున్నాడు.

బావ గుడారం వైపు నడిచాడు. పరిగెత్తలేదు. పరిగెడితే జనం లేస్తారు, జనం లేస్తే దారి దొరకదు. నేను వెనకే వెళ్ళాను. రేడియో ముదీర్ తమ్ముడి ఒళ్ళో ఉంది. అతను ఫోనులో వీడియో తీస్తున్నాడు. బావ చెయ్యి చాపితే, "బాదేన్, బాదేన్" అన్నాడు. తర్వాత, తర్వాత అని. విమానం దూరంగా చుట్టు తిరిగి ముక్కు మా వైపు పెట్టింది. బోర్లా తిప్పేది ఈ రాకలోనే. బావ ఆ మనిషి ఒళ్ళోంచి రేడియో లాక్కున్నాడు. ఖతరీ ఒళ్ళోంచి ఒక పనివాడు వస్తువు లాక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ కూర్చున్నవాళ్ళ మాటలు ఆగిపోయాయి.

బావ రేడియో నోటి దగ్గర పెట్టుకుని రెండే మాటలు అన్నాడు.

"సార్. పిన్ మాఫీ."

ఆ మాట అరబ్బు చెవికి సరిగ్గానే వెళ్ళింది. గరగరలో ముదీర్ గొంతు ఏ పిన్ను అని అడిగింది.

"టెయిల్ సార్. నో అప్‌సైడ్ డౌన్. బోల్ట్ హెడ్ ఈజ్ అప్."

అంతే చెప్పాడు. ముదీర్‌కు అంతకంటే అక్కర్లేదు. బోల్టు తల పైకి ఉంది, విమానం నిటారుగా ఉన్నంతసేపు నట్టు ఊడినా బోల్టు వేలాడుతుంది. బోర్లా తిప్పితే అది తల కిందికై జారిపోతుంది. అప్పుడు ముదీర్ చేతిలో కర్ర ఉంటుంది గాని దాని చివర ఏమీ ఉండదు.

జవాబు రాలేదు. విన్నాడో లేదో, విన్నా నమ్మాడో లేదో. విమానం వస్తూనే ఉంది. అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. గుడారానికి కొంచెం ముందు ఒక రెక్క కిందికి వాలడం మొదలైంది. కొండగట్టు అంజన్న పేరు నా నోటికి వచ్చింది. రెక్క సగం దాకా వాలింది. అక్కడ ఆగింది. తర్వాత, నిద్రపోతున్న పిల్లను పక్కకు తిప్పినంత మెల్లగా, వెనక్కి వచ్చింది. విమానం మామూలుగా మా నెత్తిమీదుగా వెళ్ళిపోయింది. కొంతమంది చప్పట్లు కొట్టారు, ఇంతేనా అన్నట్టు.

ముదీర్ తమ్ముడు లేచి వచ్చాడు. ఏదైనా చెప్పు, ఎలా దిగాలో చెప్పు అని బావ చొక్కా పట్టుకున్నాడు. బావ రేడియో అతని చేతిలో పెట్టి, చెప్పొద్దు సార్ అన్నాడు. నావైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"ఇప్పుడు ఆయన చేతుల్తో వినాలండి. చెవిలో మనం దూరకూడదు."

ఆ రోజు మొదటిసారి బావ రన్‌వే వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ముదీర్ వంపులు తిరగలేదు. ఎడారి మీద పెద్ద చుట్టు తిరిగి, చాలా దూరం నుంచే ఒక్క వాలులో దిగుతూ వచ్చాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. చేతిలో బావ చాయ గ్లాసు అలాగే ఉంది, నా వేళ్ళు కాలుతున్నాయని తర్వాత తెలిసింది. చక్రాలు తగిలాయి, ఒకసారి ఎగిరింది, మళ్ళీ తగిలి నిలిచింది. తోక నేలకు దిగింది. బావ నోరు తెరిచి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

అందరం అటు వెళ్ళాం. బావ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి పెయింటరుకు ఇచ్చాడు.

"నువ్వు మూసింది నువ్వే తియ్యి."

వాడికి అప్పటికి తెలిసింది. పైన అంటించిన గుడ్డ చించాడు, స్క్రూడ్రైవరు గాడిలో నిలవక జారుతోంది. ఎవరూ సాయం పోలేదు, బావ పోనివ్వలేదు. మూత వచ్చింది. బావ లోపలికి చెయ్యి పెట్టి ఒక్క వేలితో తాకాడు. నట్టు చివరి మర మీద ఉంది, ఆ తాకుడుకే ఆయన అరచేతిలో పడింది. బోల్టు మాత్రం తల మీద వేలాడుతూ అలాగే నిలబడి ఉంది.

ముదీర్‌ను మేం లాగాల్సిన పని లేకపోయింది. తనే ఎక్కడెక్కడో గీరుకుంటూ బయటికి వచ్చాడు. మోచేతి నుంచి రక్తం కారుతోంది. నట్టు చూశాడు. ఎవరు, అని అడిగాడు.

ఎవరో ఒకరు ఆ తప్పు తన మీద వేసుకుంటారని మీరు అనుకోవచ్చు. బావ అలాంటి మనిషి కాదు. ముగ్గురినీ చూపించాడు. ఇతను గుడ్డ విప్పి మూత వేశాడు, ఇతను ఆ మాట అని వెళ్ళిపోయాడు, నేను తోక మీద చెయ్యి పెట్టకుండా వదిలాను అన్నాడు. ఎవరిదీ తగ్గించలేదు, తనదీ తగ్గించలేదు. ముదీర్ పెయింటరు వైపే చూశాడు.

"ఖలాస్. రూహ్" అన్నాడు. అయిపోయింది, ఇంటికి పో అని.

పెయింటరు కాళ్ళు ముడుచుకుని ఇసుకలో కూర్చున్నాడు. ఊళ్ళో ఏమని చెప్పుకుంటాడు. పిన్ను మాట వాళ్ళకు ఎలా అర్థమవుతుంది.

బావ ముదీర్‌ను ఒక మాట అడిగాడు. "సార్, మాఫీ అంటే ఏంటి?" ముదీర్ విసుక్కుని, నథింగ్, లేదు అన్నాడు. బావ పెయింటరు వైపు తిరిగాడు. "నీకు మాఫీ అంటే ఏంట్రా?"

"ఇడిసిపెట్టుడు సార్" అన్నాడు వాడు, తలెత్తకుండా. "పెద్దోళ్ళు ఇంక అక్కెరలేదని ఇడిసిపెట్టుడు."

బావ అది తన ఇంగ్లీషులో చెప్పాడు. ముదీర్ ముందు వినిపించుకోలేదు. తర్వాత ఆ మాటను తన నోట్లో రెండు మూడు రకాలుగా పలికి చూసుకున్నాడు. మాఫీ. మువాఫీ. ఇది కూడా మా మాటే, అన్నాడు నెమ్మదిగా, ఇది క్షమించడం. రెండు అరబ్బు మాటలు ఒకే బట్ట కట్టుకుని ఒక ఆర్మూరు మనిషి చెవిలో దూరి ఆయన్ను చంపబోయాయి. ముదీర్ బావ అరచేతిలోంచి నట్టు తీసుకుని జేబులో వేసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. రూహ్ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వ్యానులో తిరిగి వస్తుంటే పెయింటరు బావ కాళ్ళ మీద పడబోయాడు.

"నన్ను మాఫ్ చెయ్యుండ్రి సార్."

"ఆ మాట అనకు" అన్నాడు బావ. ఆయన గొంతు పెరగడం నేను విన్నది అప్పుడొక్కసారే. "నీ నోట వద్దు, నా నోట వద్దు. నా షెడ్డులో ఇంకెవడి నోటా ఆ మాట వద్దు."

శనివారం షెడ్డులో పంచాయతీ అయింది. సుడానీకి కోపం వచ్చింది. అది తన తల్లి భాష, ఆ మాట లేకుండా తను రోజు ఎలా గడపాలి అన్నాడు. నీ భాషే భాయ్, నట్టుకు భాష రాదు అన్నాడు బావ. మరి లేనిదాన్ని ఏమనాలి అని సుడానీ అడిగాడు. నో అంటే, నహీ అంటే పెయింటరుకు తెలుస్తాయి గాని, బావకు ఇక ఏ అరువు మాట మీదా నమ్మకం లేకపోయింది. చివరికి సుడానీయే, మీ భాషలో ఏమంటారో అది చెప్పు, వాడికి పొరపాటు పడే వీలు లేనిది చెప్పు అన్నాడు. లేదు, అని చెప్పాం. సుడానీ పూటంతా ఆ మాట నమిలాడు. లీదు, లేదూ, లెద్దు. పెయింటరు ఒక మూల కూర్చుని బ్రష్షులు కడుగుతున్నాడు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నాడు. పొమ్మన్న మాట ముదీర్‌ది, తీసేయడం మా చేతుల్లో లేదు.

ఆదివారం పొద్దున ముదీర్ షెడ్డుకు వచ్చాడు. మోచేతికి కట్టు ఉంది. తోక దగ్గరికి వెళ్ళి చూశాడు. కొత్త పిన్ను, రెండు కాళ్ళూ వంచి ఉంది. మూత ఇంకా వెయ్యలేదు, ఎర్రగుడ్డ వేలాడుతోంది. తిరిగి బయటికి నడవబోయాడు. బావ వెళ్ళి ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, ఇతని సంగతి ఏంటి? రూహ్?" అని పెయింటరు వైపు చెయ్యి చూపించాడు.

ముదీర్ ఆగాడు. పెయింటరును చూశాడు. వాడు లేచి నిలబడ్డాడు, చేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మా..." అన్నాడు ముదీర్.

సుడానీ గట్టిగా దగ్గాడు. ముదీర్ అటు చూశాడు. బావ చేతులు కట్టుకుని, ఈ షెడ్డులో ఆ మాట ఎవరమూ అనడం లేదు సార్ అన్నాడు. మీరు కూడా, అని కలిపాడు.

షెడ్డు ముదీర్‌ది. నేల ఆయనది, దేశం ఆయనది, ఆ భాష ఆయన తాత ముత్తాతలది. రేపు విమానం ఎక్కిస్తే వెళ్ళిపోవాల్సిన మనిషి, ఆ మాట అనొద్దని ఆయన ముఖం మీదే అన్నాడు. ఒకరిని పంపిస్తారో ఇద్దరినో అని నేను లెక్క వేసుకుంటున్నాను. ముదీర్ బావ కళ్ళలోకి చూశాడు. బావ పక్కకు జరగలేదు.

మరేమంటారు, అని ముదీర్ ఇంగ్లీషులో అడిగాడు.

సుడానీ చెప్పాడు. ముదీర్ దాన్ని రెండుసార్లు పెదవుల మీద పలికి చూసుకున్నాడు. తర్వాత పెయింటరు వైపు వేలు చూపించాడు.

"రూహ్... లేదు" అన్నాడు.

పెయింటరు పక్కనున్న డ్రమ్ము మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బావ మాత్రం ఇంకా దారికి అడ్డంగానే ఉన్నాడు.

"లేదు కాదు సార్" అన్నాడు. "లేదండి అనాలి."

ముదీర్ రెండోసారి సరిగ్గానే అన్నాడు.